చివరగా తీసేసినది: గోంగూర

ఆ ఉదయం గరాజ్‌లో ఉన్నవి ఇవి. డెలివరీ ట్రక్కు ఒకటి. దాని వెనక తలుపు మీద మా కంపెనీ కెమెరా. డ్రైవర్ ముందు మా కంపెనీ స్క్రీన్. ఆ స్క్రీన్ వెనక నుంచి నా లాప్‌టాప్ దాకా పాకిన కేబుల్. పనిచేయని హీటర్. ట్రక్కును ముందుకీ వెనక్కీ తీయడానికి ఒక టెక్నీషియన్, ఒకదాని మీద ఒకటిగా రెండు జతల గ్లవ్స్‌తో. నేను. నా ముందు, స్క్రీన్ నల్లబడిన క్షణాన కెర్నెల్ రాసి వదిలిన మరణ వాంగ్మూలం.

కెర్నెల్ అంటే కంప్యూటర్ లోపలి పెద్దమనిషి. మెమరీ, కెమెరా, స్క్రీన్ ఎవరికి ఎప్పుడు ఇవ్వాలో అది చెబుతుంది. దాని కింద పనిచేసే చిన్న చిన్న ముక్కలను మాడ్యూల్స్ అంటాం. కావాలంటే లోపలికి తెచ్చుకోవచ్చు, పని అయ్యాక బయటికి పంపేయవచ్చు. కెర్నెల్ కూలిపోయేటప్పుడు ఆ వేళకు లోపల ఎవరెవరున్నారో పేర్లన్నీ రాస్తుంది. ఆ వరస చివర, అందరికన్నా ఆఖరున బయటికి పంపినదాని పేరు కూడా రాస్తుంది. అది లోపల లేదు. అయినా రాస్తుంది, పోయినవాడి చెయ్యి ఏమైనా ఉందేమోనని.

టెక్నీషియన్ నా భుజం మీదుగా తొంగి చూశాడు. తెల్లవాడు, ట్రక్కులు తప్ప మరేదీ పట్టదు. ఆఖరి లైను మీద వేలు పెట్టి, “గాన్‌గూరా ఎవరు?” అన్నాడు.

“మనిషి కాదు. ఆకు. పుల్లగా ఉంటుంది. పచ్చడి చేసుకుంటాం.”

“కోడ్‌కి పచ్చడి పేరు పెట్టావా నువ్వు?”

“నేను కాదు,” అన్నాను.

పెట్టినాయన కిందటి చలికాలంలో పోయాడు.

నేను ఆయన్ని అన్నా అని పిలిచేవాణ్ణి. మొదటి వారం సార్ అంటే, “సార్ అంటే నేనేదో నేర్పాలి. నాకు తీరిక లేదు,” అన్నాడు. నాది కరీంనగర్, ఆయనది నరసరావుపేట వైపు. నాకన్నా ఇరవై ఏళ్ళు పెద్ద. ఆఫీసులో హీటర్ ఎంత ఉన్నా జాకెట్ జిప్పు గడ్డం దాకా లాగి ఉండేది. ఆ జిప్పు పైన మెడలో కంపెనీ బ్యాడ్జి. ఉదయం వచ్చీ రాగానే కాఫీ దగ్గరికి వెళ్ళేవాడు కాదు. నేరుగా టెస్ట్ బెంచి దగ్గరికి వెళ్ళి, నిలబడే ఒక చిన్న కమాండ్ కొట్టి, తెరమీద వచ్చిన అంకెను పైకి చదివేవాడు.

“ఒకటి.”

అని, జ్వరం దిగని పిల్లవాడి నుదుటి మీద నుంచి చెయ్యి తీసినట్టు కీబోర్డు మీద నుంచి చెయ్యి తీసి వెళ్ళిపోయేవాడు.

ఆ అంకె ఏమిటో నాకు చదువుకునేటప్పుడే తెలుసు. మేం వాడే కెర్నెల్ ఓపెన్‌సోర్స్. ప్రపంచంలో ఎవరైనా చదవచ్చు, మార్చవచ్చు. మా కెమెరా మాడ్యూల్ మాత్రం ప్రొప్రయిటరీ, అంటే కంపెనీ గుట్టు. వంకర బొమ్మను తిన్నగా చేసే లెక్కలు దానిలో ఉన్నాయి, వాటిని ఎవరికీ చూపించరు. అలా తలుపులేసుకున్న మాడ్యూల్ లోపలికి రాగానే కెర్నెల్ తన మీద తానే ఒక మరక గుర్తు వేసుకుంటుంది. మరక లేకపోతే సున్నా. మాలాంటి మాడ్యూల్ వస్తే ఒకటి. అన్న దాన్ని మైల అనేవాడు.

“మాడ్యూల్ తీసేస్తే పోతదా అన్నా?” అని అడిగాను ఒకసారి, తెలిసి కూడా.

“తీసేస్తే పోయేది మైలెట్లా అవుతుందయ్యా. అసలు మనిషిని బయటికి తీసుకెళ్ళాకే గదా మొదలయ్యేది. రీబూట్ చెయ్యాలి. తలస్నానం.”

“అయితే ఏమైతది? బొమ్మ వస్తున్నది కదా.”

“బొమ్మ వస్తది. కూలినప్పుడు ఏడవడానికి ఎవరూ రారు.”

అది నిజం. కెర్నెల్‌ను చూసుకునేవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు, ఒక మెయిలింగ్ లిస్టులో మాట్లాడుకుంటారు. మరక ఉన్న కెర్నెల్ కూలిందని రాస్తే వాళ్ళు చదవరు. నీ ఇంట్లో మూసిన గదిలో ఏముందో మాకు తెలియదు, ముందు దాన్ని ఖాళీ చేసి రా, అంటారు. ఆ లిస్టులో అన్న కూడా ఒకడు. పగలు కంపెనీకి, శనాదివారాలు జీతం లేకుండా కెర్నెల్‌కి పనిచేసేవాడు. కెమెరా తీసిన బొమ్మను కాపీ చేయకుండా నేరుగా స్క్రీన్‌కి అప్పజెప్పే ఒక చిన్న భాగాన్ని ఆయనే రాశాడు, ఈ కంపెనీలో చేరడానికి చాలా ముందు. దాని బాగోగులు చూసే పేరు ఆయనదే. దాన్ని పరీక్షించడానికి రాసిన మాడ్యూల్ పేరు గోంగూర. లిస్టులో ఒక జర్మన్ ఆ మాటకు అర్థమేమిటని అడిగితే మూడు పేరాల జవాబు రాశాడట, ఎర్ర గోంగూరకీ తెల్ల గోంగూరకీ తేడాతో సహా. ఆ జర్మన్ ఒప్పుకున్నాడు. అప్పటి నుంచి అది అందరి కెర్నెల్‌లోనూ ఉంది.

ఆయన ఏ కాగితం మీదా చదవకుండా సంతకం పెట్టేవాడు కాదు. ఇది అందరూ తమ గురించి చెప్పుకునే మాటే గానీ, ఆయన నిజంగా చదివేవాడు. ఫోన్‌లో అప్‌డేట్ వస్తే ‘అంగీకరిస్తున్నాను’ నొక్కే ముందు షరతులన్నీ చదివేవాడు, అందుకని ఆయన ఫోన్ ఎప్పుడూ రెండేళ్ళు వెనకబడి ఉండేది. ఒకసారి మా ఆఫీసులో ఒకరి అబ్బాయి పుట్టినరోజు ట్రాంపొలిన్ పార్కులో చేశారు. లోపలికి వెళ్ళే ముందు తల్లిదండ్రులు ఒక తెర మీద వేలితో సంతకం చేయాలి. ఈయన చదవడం మొదలుపెట్టాడు. వెనక లైను ఆగిపోయింది. పిల్లలు సాక్సులతో గెంతుతున్నారు. ఆఖరికి తలెత్తి, “ఇందులో పన్నెండో షరతు నేను ఒప్పుకోలేను,” అన్నాడు కౌంటర్‌లో పిల్లతో. వాళ్ళమ్మాయి రెండు గంటలు బయట బెంచీ మీద కూర్చుని పిజ్జా తింది. ఆ అమ్మాయి ఇప్పుడు హైస్కూల్‌లో ఉంది. ఇప్పటికీ చెబుతుంది.

ఇంకొకటి వదిన చెప్పేది. ఇండియా నుంచి తిరిగొచ్చేటప్పుడు డెట్రాయిట్‌లో కస్టమ్స్ ఆఫీసర్ తినుబండారాలేమైనా తెచ్చారా అంటే, తెలుగువాళ్ళందరూ ‘కొంచెం స్వీట్స్’ అంటారు. ఈయన వేళ్ళు మడిచి వరసగా చెప్పేవాడు: “గోంగూర, మాగాయ, దోసావకాయ, కందిపొడి, నెయ్యి.” వాళ్ళు పక్కకు పంపేవాళ్ళు. పెట్టెలన్నీ విప్పేవాళ్ళు. ఆఖరికి అన్నీ ఇచ్చి పంపేవాళ్ళు.

“ఒక్క ముక్క కూడా ఏ రోజూ పారేయలేదు,” అనేవాడు.

“అవును, మన తర్వాత దిగిన ఫ్లైట్ వాళ్ళు ఇల్లు చేరి పడుకుని లేచారు,” అనేది వదిన.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆయన ఎదుట మా డైరెక్టర్ పెట్టిన ప్రశ్న కూడా కస్టమ్స్ ఆఫీసర్ ప్రశ్నే.

మా కెమెరాలు కొనే ట్రక్కుల కంపెనీ కొత్త కెర్నెల్ కావాలంది. పాత కెర్నెల్‌లో మా మాడ్యూల్ వాడుకునే ద్వారం కొత్తదానిలో ఎత్తేశారు. దాని బదులు అన్న రాసిన ద్వారం ఉంది. కానీ కెర్నెల్‌లో ద్వారాలు రెండు రకాలు. కొన్ని అందరివి. కొన్ని, తమ కోడ్ తెరిచి చూపించిన మాడ్యూల్స్‌కి మాత్రమే. అన్నది రెండో రకం. ఆ తాళం వేసింది ఆయనే. మా మాడ్యూల్ వెళ్ళి తడితే తలుపు తెరుచుకోలేదు. ద్వారం లేకుండా కాపీ చేసుకుంటూ పోతే బొమ్మ స్క్రీన్‌కి ఆలస్యంగా వచ్చేది. రివర్స్‌లో ఉన్న ట్రక్కుకి ఆలస్యం పనికిరాదు.

ఒక దొడ్డిదారి ఉంది. అది మా వృత్తిలో అందరికీ తెలుసు. ప్రతి మాడ్యూల్‌లోనూ తన లైసెన్సు ఏమిటో తానే చెప్పుకునే లైను ఒకటి ఉంటుంది. అక్కడ ‘ఓపెన్’ అని అర్థమొచ్చే మాట ఉంటే తాళాలన్నీ తెరుచుకుంటాయి, మరక కూడా పడదు. కెర్నెల్ ఆ మాట చదువుతుంది, నమ్ముతుంది. నిజమా అని చూడదు.

డైరెక్టర్ మనవాడే, హైదరాబాదు. చెడ్డవాడు కాదు. తేదీ దగ్గరపడుతున్న మనిషి. మా ఇద్దరినీ అద్దాల గదిలోకి పిలిచాడు.

“చూడండి, ఫస్ట్ ఆప్షన్. ఆ లాక్ వేసింది మీరే అంట కదా. హిస్టరీలో మీ పేరే ఉంది. తీసెయ్యండి.”

“తాళం నేనే వేశానండి. కానీ ఇల్లు నా ఒక్కడిది కాదు. దాన్ని నమ్మి ఆ తర్వాత చాలామంది గదులు కట్టారు.”

“సరే, రిక్వెస్ట్ పెట్టండి అట్లీస్ట్. కంపెనీ తరఫున. అది మీ జాబ్ కదా.”

“పెడతానండి. అది నా ఉద్యోగమే.”

“సెకండ్ ఆప్షన్. లైసెన్స్ లైన్‌లో వన్ వర్డ్ మార్చండి. ఒక్క పదం. ఎవరు చెక్ చేస్తారు?”

“ఎవరూ చెయ్యరండి. కెర్నెల్‌కి చూపు లేదు. గుడ్డివాడి చేతిలో చెల్లని నోటు పెట్టమంటున్నారు.”

డైరెక్టర్ నవ్వలేదు. “నేను మీ ఫిలాసఫీతో ట్రక్ షిప్ చెయ్యలేను కదండీ. మండే లోపు రెండిట్లో ఒకటి జరగాలి,” అన్నాడు. జరగకపోతే ఏమవుతుందో చెప్పలేదు. కారు దాకా నడుస్తూ అన్నే చెప్పాడు: “నాకు గ్రీన్‌కార్డు వచ్చేసింది తమ్ముడూ. ఉద్యోగమే పోద్ది, దేశం పోదు. నీకట్లా కాదు. నువ్విందులో మాట్లాడకు.”

శనివారం భోజనానికి రమ్మన్నాడు. వెళ్ళేసరికి వాళ్ళ డైనింగ్ టేబుల్ మీద ఈ చివర ఒక లాప్‌టాప్, ఆ చివర ఒక లాప్‌టాప్ ఉన్నాయి. నేను దగ్గరున్న కుర్చీ లాక్కోబోయాను.

“అక్కడ కూర్చోకు. అది కంపెనీ వైపు.”

ఆయన ఇంట్లో కూడా మెడలో బ్యాడ్జి వేసుకుని ఉన్నాడు. కంపెనీ లాప్‌టాప్ ముందు కూర్చుని, తాళం తీసెయ్యమని కోరే పాచ్, అంటే కోడ్‌కి సవరణ, రాస్తున్నాడు. కోడ్‌లో మార్పు ఒక్క లైనే. దాని పైన ఎందుకు మార్చాలో చెప్పే ఉత్తరం పొడుగు. చదివి ఆశ్చర్యపోయాను. మొక్కుబడిగా రాయలేదు. ట్రక్కు వెనక పిల్లవాడు నిలబడి ఉంటే, బొమ్మ ఆలస్యమైతే ఏమవుతుందో, నాకే తాళం పగలగొట్టాలనిపించేటంత బాగా రాశాడు.

“అన్నా, నిజంగనే అడుగుతున్నరా మీరు?”

“మరి? జీతం తీసుకుని దొంగపని చెయ్యకూడదు. అడిగితే గట్టిగా అడగాలి.”

పంపించాడు. లేచి బ్యాడ్జి తీసి కంపెనీ లాప్‌టాప్ మీద పెట్టాడు. వంటింట్లోకి వెళ్ళి కాఫీ కలుపుకున్నాడు. బయట ఎవరో ఆకులు ఊడ్చే మెషీన్ ఆన్ చేస్తే కాసేపు కిటికీ దగ్గర నిలబడి చూశాడు. తర్వాత వచ్చి టేబుల్ రెండో చివర కూర్చుని తన సొంత లాప్‌టాప్ తెరిచాడు. మెయిల్ వచ్చి ఉంది. మొదటిసారి చూస్తున్నట్టు చదివాడు. పెదవులు కదులుతున్నాయి.

“బాగానే రాశాడు,” అన్నాడు. ఇంకాస్త కిందికి వెళ్ళి, “టాబ్ ఉండాల్సినచోట స్పేస్ పెట్టాడు. ఈ కంపెనీ వాళ్ళకి తొందరెక్కువ,” అన్నాడు.

వాళ్ళమ్మాయి సోఫాలోంచి తల తిప్పింది. “నాన్నా, ఆర్ యూ ఫైటింగ్ విత్ యువర్‌సెల్ఫ్?”

“లేదమ్మా. రివ్యూ చేస్తున్నాను.”

రివ్యూ చాలాసేపు చేశాడు. పాచ్ పంపినందుకు కృతజ్ఞతలు చెప్పాడు. స్పేస్ తప్పు చూపించాడు. ట్రక్కు వెనక పిల్లవాడి గురించి రాసిన పేరా నిజమేనన్నాడు. తర్వాత ఒప్పుకోలేనని రాశాడు. ఈ షరతు చూసి తమ పని ఇచ్చినవాళ్ళు చాలామంది, వాళ్ళందరినీ అడగకుండా తీయడానికి ఇది నాది కాదు, అని. కింద ఒక దారి సూచించాడు. గుట్టు లెక్కలను కెర్నెల్‌లోంచి బయటికి తెచ్చి మామూలు ప్రోగ్రాంలో పెట్టుకోండి, కెర్నెల్‌తో మాట్లాడే కాస్త భాగాన్ని తెరిచి మాకివ్వండి, ద్వారం మీకూ తెరుచుకుంటుంది, ఆలస్యమూ ఉండదు. పంపించాడు. టేబుల్ ఆ చివర, బ్యాడ్జి కింద, కంపెనీ లాప్‌టాప్ టింగుమంది.

“ఏమన్నారండీ ఆయన?” అంది వదిన వంటింట్లోంచి.

“ఒప్పుకోలేదే.”

“ఇంతకీ ఇద్దరిలో అన్నం ఎవరికి పెట్టమంటారు?”

“ఒప్పుకోనివాడికి. రెండోవాడు సోమవారం ఆఫీసులో తింటాడు.”

గోంగూర పప్పు, వడియాలు. ఆయన రెండుసార్లు వడ్డించుకున్నాడు. గిన్నెలు తీస్తున్నప్పుడు వదిన నా పక్కకు వచ్చి, నవ్వు లేకుండా అడిగింది. “ఆయన జోకులేస్తే నాకు భయం. ఉద్యోగం ఉంటుందా?”

“తెలియదు వదినా,” అన్నాను.

సోమవారం డైరెక్టర్ రెండు మెయిళ్ళూ ప్రింట్ తీసి పక్కపక్కన పెట్టుకున్నాడు.

“ఇద్దరూ మీరేనా?”

“అవునండి.”

“మీకు మీరే నో చెప్పుకున్నారా?”

“నాకు కాదండి. కంపెనీకి.”

“వేరేవాళ్ళ పేరుతో పంపిస్తే?”

“వాళ్ళకైనా నేనే జవాబు రాయాలి కదండి.”

డైరెక్టర్ కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. “లైసెన్స్ లైన్?” అన్నాడు. అన్న తల అడ్డంగా ఊపాడు. నెల తిరక్కముందే ఆయన పొజిషన్ ఎలిమినేట్ అయింది. కారణంలో ఈ మాటేదీ లేదు.

వెళ్ళే రోజు బ్యాడ్జి ఇచ్చేశాక సెక్యూరిటీ అతను పక్కన నడుస్తుండగా టెస్ట్ బెంచి దగ్గర ఆగాడు. కమాండ్ కొట్టాడు. “ఒకటి,” అన్నాడు. నాతో మెల్లగా, “ఇప్పుడు నిన్నడుగుతారు. కాదనకు. నీ పరిస్థితి నాకు తెలుసు. ఏ పదం రాయాలో మెయిల్‌లో రాసి పంపమను. అంతే,” అన్నాడు.

అడిగారు. ఒక వారం కూడా ఆగలేదు. నా వీసా కంపెనీ చేతిలో ఉంది. “ఏ పదం పెట్టాలో మెయిల్ చెయ్యండి సర్, అట్లనే పెడత,” అన్నాను. డైరెక్టర్ నా వైపు చూశాడు.

“ఆయన నేర్పాడా ఇది?”

“అవును సర్.”

ఆ మెయిల్ రాలేదు. ట్రక్కు కంపెనీ వాళ్ళ లాయర్లు ప్రతి మాడ్యూల్‌కీ లైసెన్సు పత్రం కావాలన్నాక అసలు ఆ మాటే ఎవరూ ఎత్తలేదు. ఒక రోజు డైరెక్టర్ నా సీటు దగ్గరికి వచ్చి, “లిస్టులో ఆయన ఒక ఆల్టర్నేటివ్ రాశాడు కదా, అది ట్రై చేసి చూడు,” అన్నాడు. లిస్టులో ఆయన. అప్పటికి అలా పిలవడం అలవాటైంది, ఇక్కడ పనిచేసినాయన ఒకరు, లిస్టులో ఆయన వేరొకరు అన్నట్టు.

చలికాలం మొదలయ్యేదాకా పట్టింది. లెక్కలు బయటికొచ్చాయి, చిన్న ముక్క తెరిచి ఇచ్చాం, ద్వారం తెరుచుకుంది. అది తెరుచుకున్న ఉదయం కాఫీ దగ్గరికి వెళ్ళకుండా బెంచి దగ్గర నిలబడి కమాండ్ కొట్టాను. అలవాటు నాది కాదు. “సున్నా,” అన్నాను పైకే. టెక్నీషియన్ తలెత్తి చూశాడు. తెరను ఫొటో తీసి అన్నకు పంపాను. ఆయన అప్పటికి వేరే రాష్ట్రంలో, మోరిస్‌విల్‌లో కాంట్రాక్టు పనిలో ఉన్నాడు. నెలల తరబడి ఉండేవాళ్ళ హోటల్లో గది, కుదిరిన వారాంతాల్లో ఫ్లైట్‌లో ఇంటికి. జవాబు వెంటనే వచ్చింది: నమ్మకు. రీబూట్ చేసి మళ్ళీ చూడు.

చేశాను. మళ్ళీ సున్నా. మళ్ళీ ఫొటో పంపాను. ఈసారి, స్నానం అయిందన్నమాట, అని పెట్టాడు.

ఆయన రాసిన వాటిలో నాకు వచ్చిన ఆఖరిది అదే. కొన్ని వారాల తర్వాత ఒక ఉదయం అక్కడి టీం మీటింగ్‌కి ఆయన రాలేదు. మధ్యాహ్నం హోటల్ వాళ్ళు గది తెరిచారు. గుండె. ముందురోజు రాత్రే అయి ఉంటుందన్నారు.

నేను వెళ్ళేసరికి ఇంట్లో మైల ఇంకా తీరలేదు. దేవుడి అలమర తలుపులు మూసి ఉన్నాయి. మంచు పడుతోంది, వాకిట్లో అందరి బూట్లూ తడిసి ఉన్నాయి. వదిన డైనింగ్ టేబుల్ దగ్గర, ఆయన సొంత లాప్‌టాప్ ఉండే చివర కూర్చుంది. దాని చార్జర్ గోడకి తగిలించి ఉంది. తెర తెరిచి ఉంది. నేను కూర్చున్నాక అంది.

“ఒక్క పదం అంట కదా.”

నేను తల ఊపాను.

“రాసుంటే ఇక్కడే ఉండేవారు. పక్కన నేనుండేదాన్ని. దగ్గు వినపడినా లేచేదాన్ని. 911 కొట్టేదాన్ని. కాదంటావా? నీకు తెలుసు కదా ఆ పని. చెప్పు, ఆ ఒక్క పదం రాస్తే ఎవరికి నష్టం?”

కెర్నెల్ గురించి చెప్పగలను. లిస్టులో నమ్మకం గురించి చెప్పగలను. ఆమె అడిగింది అవి కాదు.

లాప్‌టాప్ టింగుమంది. ఆమె తెర వైపు చూసింది. కాసేపటికి మళ్ళీ టింగుమంది, మళ్ళీ చూసింది. కెర్నెల్‌లో ఆయన భాగాన్ని ముట్టుకునే ఏ మార్పు పంపినా చిన్న ప్రోగ్రాం లాంటి ఒక స్క్రిప్టు ఆయన చిరునామా వెతికి తగిలిస్తుంది. దానికి చావు తెలియదు. ఎవరో ఒకరు ఆ పేరు తీసేసే పాచ్ పంపాలి. ఎవరూ పంపలేదు.

వాళ్ళమ్మాయి నన్ను తలుపు దాకా పంపిస్తూ, “క్లోజ్ చెయ్యనివ్వట్లేదు అంకుల్. ప్రతి డింగ్‌కి చూస్తది అమ్మ,” అంది.

వదినకు వినిపించింది. “దేవుడి దగ్గర దీపం పెట్టకూడదన్నారు,” అంది అక్కడి నుంచే. “ఇది ఆపమని ఎవరూ చెప్పలేదు.”

గరాజ్‌లో ఆ ఉదయానికి మళ్ళీ వస్తాను. మేం రోజూ పని మొదలుపెట్టే ముందు గోంగూరను లోపలికి తెచ్చి, మెమరీ సరిగ్గా చేతులు మారుతోందో లేదో పరీక్షించి, బయటికి పంపేసి, తర్వాత ట్రక్కు తీస్తాం. అది అన్న పెట్టిన పద్ధతి. స్క్రీన్ నల్లబడింది కాబట్టి, ఒకటొకటిగా తీసేసి చూశాను. కేబుల్ మార్చాను. కెమెరా మార్చాను. మా ప్రోగ్రాం పాతది పెట్టాను. ప్రతిసారీ టెక్నీషియన్ ఓపిగ్గా ట్రక్కు వెనక్కి తీశాడు. ఆఖరున గోంగూరను నడపకుండా చూశాను. ఎన్నిసార్లు తీసినా స్క్రీన్ నల్లబడలేదు. నడిపి, బయటికి పంపి, తీశాం. నల్లబడింది.

కోడ్ తెరిచి చదివాను. బయటికి వెళ్ళేటప్పుడు అది ఒక మెమరీ ముక్కను రెండుసార్లు తిరిగి ఇచ్చేస్తోంది. ఒకసారి ఇస్తే చాలు. రెండోసారి ఇచ్చేటప్పటికి అది వేరొకరి చేతిలో ఉంటుంది; పాత బోర్డుల మీద ఇది బయటపడలేదు. ఏ కంపెనీ తొందరా లేదు అందులో. శనివారాల్లో రాసిన కోడ్. తప్పు ఆయనదే.

టెక్నీషియన్ గ్లవ్స్ విప్పి చేతులు రుద్దుకుంటున్నాడు. “అది ట్రక్కుతో పోయేది కాదు కదా?”

“కాదు. పరీక్షకి మాత్రమే.”

“అయితే దాన్ని నడపకు. అయిపోయింది. ఎవరికి తెలుస్తుంది?”

అతను చెప్పింది సబబే. మర్నాటి నుంచి గోంగూరను తేకపోతే చాలు. ఆయన పేరు మీద ఉన్న ఆ చిన్న ముక్క అలాగే ఉండిపోతుంది, ఎవరూ వేలెత్తి చూపరు. ఇంకో సంగతి కూడా ఆలోచించాను. ఆ లాప్‌టాప్‌లో రోజూ వచ్చే మెయిళ్ళలో వదినకు అర్థమయ్యే మాట ఒక్కటీ ఉండదు. ఈ మెయిల్ సబ్జెక్టులో ఉంటుంది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసినా ఆమె గుర్తుపడుతుంది.

వాంగ్మూలం మొదటి లైను మళ్ళీ చూశాను. మరక లేదు అని ఉంది. చదువుతారు. ఈసారి వస్తారు.

రిపోర్టు రాశాను. ఏ కెర్నెల్, ఏ బోర్డు, ఏ వరసలో ఏం చేస్తే కూలింది, ఏ లైనులో తప్పు. రెండోసారి ఇచ్చే లైను తీసేస్తూ పాచ్ జతచేశాను. టాబ్‌లు ఉన్నచోట టాబ్‌లే ఉన్నాయా అని చూశాను. స్క్రిప్టు నడిపాను. ఎవరెవరికి పంపాలో అది వరసగా చెప్పింది. మొదటి పేరు ఆయనది. దాన్ని చెరపడానికి ఒక్క కీ చాలు. చెరపలేదు.

పంపాను. టెక్నీషియన్ ట్రక్కు ఇంజన్ ఆపేశాడు. ఇక్కడికి పదిహేను నిమిషాల దూరంలో ఒక డైనింగ్ టేబుల్ మీద టింగుమని ఉంటుంది.

రిపోర్టు నలుగురికి వెళ్ళింది. చిరునామా లేదని ఏదీ వెనక్కి రాలేదు. సాయంత్రానికి వచ్చిన జవాబులు, మూడు.